తాడు వదలమనే మనిషి

ఈ ఉదయం పళ్ళు తోముకుంటుంటే నా ఫోను నన్ను మెచ్చుకుంది. పోయిన ఏడాది ఇదే రోజున మీరు యాభై రెండు నిమిషాలు వ్యాయామం చేశారు, గుండె వేగం సగటున నిమిషానికి ఎనభై ఎనిమిది, చాలా బాగుంది అంటూ తెర మీద ఒక పచ్చటి గుండె బొమ్మ వేసింది. బొమ్మ కింద ఒక గీత. మొదట్లో ముల్లులాంటి చిన్న ఎత్తు ఒకటి తప్ప, కొత్తగా తారు పోసిన రోడ్డులా సాఫీగా సాగిపోయిన గీత.

ఆ గుండె నాది కాదు. ఆ యాభై రెండు నిమిషాలు నా వాచీ ఇంకొకాయన చేతికి ఉంది. ఆ తరవాత పదకొండో రోజున ఆయన చనిపోయాడు.

నోరు కడుక్కోవడం కూడా మరిచిపోయి పెరట్లో అట్లాగే నిలబడ్డాను. ఆయన పేరు ఇక్కడ రాయను. రాయాలంటే ఆయన ఇంట్లో అడగాలి. ఆ ఇంట్లో అంతకంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటి ఏడాదిగా నా దగ్గరే ఉండిపోయింది.

నేను కోట అనే ఊరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. నలభై ఆరో ఏట షుగర్ మొదలైందని డాక్టరు రోజూ నడవమన్నాడు. ఊళ్ళో నడిస్తే పిల్లల తండ్రులు ఆపి మార్కుల గురించి అడుగుతారు. అందుకని పొద్దున్నే మోటార్ సైకిల్ మీద సముద్రపు ఒడ్డున ఉన్న పాలేనికి వెళ్ళి, సరుగుడు తోపు దగ్గర బండి ఆపి, తడి ఇసక మీద నడిచేవాణ్ణి. వాచీ అప్పుడు కొన్నదే. అడుగులు, నిద్ర, గుండె, అన్నీ లెక్క కట్టే వాచీ. నా భార్య ఏదైనా చెబుతున్నప్పుడు కూడా నేను మణికట్టు తిప్పి చూసుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆవిడ చెప్పడం మానేసింది. అది కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది.

ఆ ఒడ్డున ఇంకా అలివి వల లాగుతారు. పడవ వలని సముద్రంలోకి తీసుకెళ్ళి, పెద్ద వంపు తిప్పి వేసి, రెండో కొస తాడుని దూరంగా ఇంకోచోట ఒడ్డుకి చేరుస్తుంది. ఆ రెండు తాళ్ళనీ రెండు గుంపులు పట్టుకుని వెనక్కి అడుగులేస్తూ లాగుతారు. వెనక్కి నడిచి నడిచి ఇసక దిబ్బ మొదలుకి చేరినవాడు తాడు వదిలి, మళ్ళీ నీళ్ళ దగ్గరికి వెళ్ళి ముందువైపు పట్టుకోవాలి. అంటే లాగే ప్రతి మనిషీ కాసేపటికొకసారి నీళ్ళ అంచున నిలబడ్డవాడి పక్కనుంచి పోవలసిందే.

ఆ నీళ్ళ అంచు ఆయన చోటు. అందరూ వెనక్కి నడుస్తుంటే ఆయన కదిలేవాడు కాదు. పిక్కల దాకా నీళ్ళలో నిలబడి, తల మీద తడి తువ్వాలతో, ఉన్నచోటనే ఒక కాలు తరవాత ఒక కాలు తొక్కుతూ, చేతులతో తాడుని వెనక్కి అందించేవాడు. మనిషి పొడగరి కాదు. ఎప్పుడో గాలం తగులుకుని ఎడమ చెవి తమ్మె చీలిపోయింది. మిగతా గుంపులు పాట పాడుతూ లాగుతాయి. ఈయన గుంపులో పాట లేదు. పాట ఊపిరి తింటుందనేవాడు. పాట బదులు ముక్కులోంచి ఒక హూంకారం. ఒక హూంకారానికి రెండు అడుగులు. అంతే, అదే తాళం. మధ్యాహ్నం దాకా లాగినా ఆ తాళం మారేది కాదు.

ఆయన చేపల కోసం సముద్రం వైపు చూడ్డం నేను చూడలేదు. చూపంతా తన పక్కనుంచి పోయే మనుషుల పెదాల మీదే. తాడు కోసం వంగినవాడి మొహం ఒకసారి చూసేవాడు. పెదాలు కాస్త రంగు మారినా, మెడ నరం ఎక్కువగా ఎగిరినా, రెండు వేళ్ళతో ఆ మనిషి చేతి వెనక మెల్లగా కొట్టేవాడు.

"తాడొదులు. కూసో."

ఆ రెండు మాటలే. కండలు తిరిగిన వాళ్ళు కూడా మారు మాట్లాడకుండా పక్కకి పోయి ఇసకలో కూర్చునేవాళ్ళు. కూర్చున్నందుకు ఎవరూ ఎవరినీ ఎగతాళి చెయ్యకూడదు, వాటా తగ్గించకూడదు. అది ఆ గుంపు మర్యాద. ఆయన పంచె మడతలో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉండేది. కూర్చున్నవాడికి అందులోంచి గోరంత విరిచి ఇచ్చేవాడు. నాకూ ఒకసారి ఇవ్వబోతే షుగర్ అని చెప్పాను. కాసేపు ఆలోచించి, అయితే వాసన చూడమని ముక్కు దగ్గర పెట్టాడు. గుంపంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. నిజంగానే వాసన పని చేస్తుందేమోనని నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

నేను ఆ తాడు పట్టుకోవడం వాచీ కోసమే మొదలుపెట్టాను. నడిస్తే వచ్చే అంకెలు పాతబడ్డాయి. తాడు లాగితే ఎంత వస్తుందో చూద్దామని ఒకరోజు అడిగాను. పంతులంటే వాళ్ళకి అయివోరు. అయివోరు తాడు లాగుతాడంట అని నవ్వుకుంటూనే చోటు ఇచ్చారు. లాగుతూ లాగుతూ అలవాటు కొద్దీ పైకి లెక్కపెడుతున్నాను, ఎంతమందిమి ఉన్నాం, ఎన్ని బారలు వచ్చింది అని. గుంపు మొత్తం ఒక్కసారిగా మాట ఆపేసింది. ఆయన తల తిప్పకుండానే అన్నాడు.

"తాడు చేతిలో ఉండంగా లెక్కబెట్టబాక అయివోరా."

ఎందుకని అడిగాను. వాళ్ళ తాత వద్దన్నాడట. తాతకి ఎవరు చెప్పారంటే, ఆయనకీ ఒక తాత ఉండే ఉంటాడు కదా అన్నాడు. వల పూర్తిగా ఒడ్డెక్కేదాకా ఆ గుంపులో అంకె అనేది నోట రాకూడదు. ఎంతమంది ఉన్నారంటే సరిపడా ఉండారని, ఇంకా ఎంత తాడుందంటే వస్తా ఉండాదని చెబుతారు. నేను మా బడిలో పిల్లలకి ఈ సంగతి చెప్పి నవ్వించాను. అంకెలకి భయపడే మనుషులు కూడా ఉన్నారు చూడండి అన్నాను. ఆ క్లాసులో పాలెం పిల్లలు కూడా ఉన్నారు.

మూడో రోజో నాలుగో రోజో ఆయన నా చేతి వెనక కొట్టాడు. నాకు రోషం వచ్చింది. వాచీ చూపించాను. తొంభై లోపే ఉంది, నాకేం కాలేదన్నాను. ఆయన వాచీ వైపు చూడనేలేదు.

"అది నీ చేతికుండాది. నీ మొహానికి లేదు. కూసో."

కూర్చున్నాను. కూర్చున్న నిమిషానికే కళ్ళు బైర్లు కమ్మి, పక్కకి ఒరిగి కక్కుకున్నాను. ఆ రోజు వాచీ తప్పని, ఆయన చూపు ఒప్పని తెలుసుకోవడానికి ఇంకేం కావాలి? నేను మాత్రం పొద్దున ఏమీ తినకుండా వచ్చాను, అందుకే తిరిగింది అనుకున్నాను. వాచీని అనుమానించడం కంటే నా ఖాళీ కడుపుని అనుమానించడం తేలికైంది.

ఆ తరవాత ఏడాదిన్నర పాటు వారానికి మూడు నాలుగు రోజులు ఆ గుంపులో లాగాను. నేనేదో వాళ్ళలో కలిసిపోయానని చెప్పను. వల ఒడ్డెక్కకముందే బడి వేళయిందని వెళ్ళిపోయేవాణ్ణి. బరువైన పని ఎప్పుడూ నేను పోయాకే ఉండేది. ఆయనొక్కడే అందుకు నన్ను ఎత్తిపొడిచేవాడు. అయివోరు వచ్చి సముద్రాన్ని నిద్ర లేపి పోతాడు, బువ్వ పెట్టేది మనమేనని. ఆ మాట అంటూనే నా కోసం ఆకులో చుట్టి నాలుగు చేపలు బండికి తగిలించి ఉంచేవాడు.

ఆయనలో మార్పుని మొదట పట్టింది ఆయన భార్య. దిబ్బ కింద వలపట్టాల మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకునే మనిషి. ఒకరోజు నా బండి దగ్గరికి వచ్చి నిలబడింది. చెప్పాలా వద్దా అని కొంగు కొసని వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"దిబ్బ ఎక్కతా ఎక్కతా మధ్యలో నిలబడిపోతుండాడు అయివోరా. ఏందయ్యా అంటే సముద్రం చూస్తుండానంటాడు. పుట్టిన కాణ్ణుంచి దాంట్లోనే గదా ఉండేది. అది ఇప్పుడు కొత్తగా ఏం చూపిస్తాదంట ఆయనకి?"

నెల్లూరు తీసుకుపోయి గుండె డాక్టరుకి చూపించమని అడిగింది. ఇంటివాళ్ళ మాట వినడు, చదువుకున్నవాళ్ళు చెబితే వింటాడు అంది. వచ్చే ఆదివారం నేనే తీసుకెళ్తానని మాట ఇచ్చాను. ఆయనతో కూడా చెప్పాను. వద్దనలేదు. తువ్వాల పిండుకుంటూ, పోదాంలే అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడని నేను ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయి ఉండవలసింది.

ఆ వారం నడుస్తుండగా నా మనసులో ఆదివారం బరువు పెరిగింది. నెల్లూరంటే పొద్దంతా పోతుంది. మనుబోలు దాటి, వెంకటాచలం దాటి, హైవే మీద బస్సులో నిలబడి పోయి, ఆసుపత్రిలో చీటీ రాయించి, బెంచీ మీద కూర్చుని, పరీక్షలకి తిప్పి, మళ్ళీ సాయంత్రం దాకా కూర్చోవాలి. వారమంతా పిల్లలతో అరిచిన గొంతుకి ఆదివారం ఒక్కటే సెలవు. వేరే కారణమేదీ లేదు. పెద్ద కారణం ఉంటే దాని చాటున దాక్కునేవాణ్ణి. నాకు బద్ధకమైంది, అంతే.

శుక్రవారం పొద్దున వాచీ విప్పి ఆయన చేతికి కట్టాను. ముందు దీంట్లో చూద్దాం, ఏమైనా తేడా ఉంటే డాక్టరుకి అదే చూపిద్దాం అన్నాను. చివరి రంధ్రం దాకా బిగిస్తే గానీ ఆ మణికట్టుకి ఆనలేదు. కోడికి కాలు కట్టినట్టుందని ఆయన చెయ్యి ఆడించి చూసుకున్నాడు. తరవాత నీళ్ళలోకి దిగి తన చోట నిలబడ్డాడు. నేను పక్కనే ఫోను పట్టుకుని, తెర మీద అంకె చూస్తూ నిలబడ్డాను. చేతిలో ఫోను ఉంది కాబట్టి ఒక వీడియో కూడా తీశాను.

లాగడం మొదలైంది. మొదటి నిమిషాల్లో అంకె నిలవలేదు. ఒకసారి నూట అరవై దాటింది. వెంటనే పడిపోయింది. మళ్ళీ ఎగిరింది. ఇంకా కుదురుకోలేదు, తడి చెయ్యి కదా అనుకున్నాను. కాసేపటికి ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. అక్కడే నిలిచిపోయింది. ఆ పెద్ద అంకె నేను చూడలేదని కాదు. చూశాను. నాకు నచ్చిన అంకె వచ్చేదాకా ఆగాను.

యాభై రెండు నిమిషాల తరవాత, వల ఇంకా నీళ్ళలో ఉండగానే, అందరికీ వినపడేట్టు చెప్పాను.

"ఎనభై ఎనిమిది, అన్నా!"

తాడు మీద చేతులు ఒక్క క్షణం బిగుసుకున్నాయి. ఆయన ఏదో అనబోయి ఆగిపోయాడు. నేను అయివోర్ని, పైగా ఆయన మంచికే చేస్తున్నాను. అందుకని ఊరుకుని ఉంటాడు.

"అంటే ఏంది?"

"నీకేం లేదని అర్థం. ఇంత లాగతా కూడా ఎనభై ఎనిమిదంటే నా గుండె కన్నా నీ గుండే మేలు."

గుంపు ఊపిరి తీసుకుంది. మామ గుండె డీజిల్ ఇంజనురా, ఆయిలు పోస్తే చాలు అని ఒకడు. అయితే అత్తకి చెప్పండి, ఊరికే ఏడ్చి చస్తుండాదని ఇంకొకడు. ఆయన వాచీ విప్పి, పంచెకి తుడిచి, నా చేతిలో పెట్టాడు. పెడుతూ చిన్నగా అడిగాడు.

"అయితే నెల్లూరు పన్లేదంటావా?"

"పన్లేదన్నా."

ఆయన మొహంలో సంతోషం వస్తుందని చూశాను. రాలేదు. నా వైపే ఇంకాసేపు చూస్తూ నిలబడ్డాడు. నా నోటివెంట ఇంకేదో మాట రావాలన్నట్టు. తరవాత సరే అని తల ఊపి తాడు దగ్గరికి పోయాడు. ఆ చూపుకి అర్థం నాకు ఆయన పోయిన తరవాత తెలిసింది. ఆ ఒడ్డున అందరి చేతుల మీదా కొట్టిన మనిషి, తన చేతి మీద ఎవరైనా కొడితే బాగుండునని చూశాడు. ఆయన చెబితే కూర్చునేవాళ్ళు ఎవరూ ఆయన్ని కూర్చోమని చెప్పలేరు. గుంపులో ఉండీ గుంపు కానివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పని నేనొక్కణ్ణే చెయ్యగలను. నేను అంకె చదివాను.

ఆ ఆదివారం పదింటిదాకా పడుకున్నాను.

పదకొండో రోజు బడిలో ఇంటర్వెల్ గంట కొట్టాక ఫోను వచ్చింది. వల ఒడ్డెక్కి, చేపలు పంచుకుని, ఎవరిళ్ళకి వాళ్ళు బయల్దేరారు. ఆయన దిబ్బ మధ్యలో ఆగి కూర్చున్నాడు. గంపలెత్తుకుని పక్కనుంచి పోయినవాళ్ళంతా, సముద్రం చూస్తున్నాడు మామూలే కదా అనుకున్నారు. చూసింది చాల్లే మామా, ఇంటికి పా అని ఒకడు పలకరించి కూడా పోయాడు. జవాబు రాకపోయినా వాడు ఆగలేదు. భార్య వచ్చి భుజం పట్టుకుంటే పక్కకి ఒరిగాడు. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు పడుకోబెట్టి ఉన్నారు. పంచె మడతలోంచి బెల్లం ముక్క తీసి గుమ్మం పక్కన పెట్టారు. దానికి చీమలు పట్టాయి.

అక్కడ చేరినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవడం విన్నాను. అయివోరు మిషను పెట్టి చూసినాడంట, ఏం లేదన్నదంట, ఇంక రాసిపెట్టింది ఎవరు తప్పిస్తారు అని. నన్ను చూసి, ఎంతో చేసినావయ్యా అన్నట్టు చేతులు జోడించినవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఆ మాటలు వింటోంది. ఒకసారి తలెత్తి నన్ను చూసింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూశాను.

నెల రోజులు ఒడ్డుకి పోలేదు. పోయినప్పుడు నీళ్ళ అంచున ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. ఆయనకంటే చిన్నవాడు, తాళం నిదానం. తాడు పట్టుకున్నాను. నెల తరవాత కావడంతో పావుగంటకే గుండె గొంతులోకి వచ్చినట్టయింది. మణికట్టు చూస్తే డెబ్భై రెండు. తాడు వదిలేశాను. మెడ నరం మీద వేళ్ళు పెట్టి, ఫోనులో క్షణాలు చూస్తూ లెక్కపెట్టాను. దానికి రెట్టింపు. వాచీ మాత్రం, నేను లాగడం ఆపిన కాసేపటి దాకా డెబ్భై రెండు మీదే ఉండి, తరవాత తాపీగా పైకెక్కడం మొదలుపెట్టింది.

ఇసకలో కూర్చుని, ఆయనకి వాచీ కట్టిన రోజు తీసిన వీడియో ఫోనులో పెట్టి చూశాను. ఆయన పిక్కల దాకా నీళ్ళలో నిలబడి, చేతికి నా వాచీతో లాగుతున్నాడు. హూంకారాలు వినపడుతున్నాయి. ఒక నిమిషం పాటు లెక్కపెట్టాను. నలభై నాలుగు. నమ్మలేక మళ్ళీ పెట్టాను. నలభై నాలుగే. ఒక హూంకారానికి రెండు అడుగులు. నలభై నాలుగు రెళ్ళు ఎంతో మా ఆరో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు.

వాచీ ఆయన గుండెని వినలేదు. తాడు మీద పిడికిలి బిగిసి, చెయ్యి ఊగుతుంటే దానికి లోపలి నెత్తురు జాడ దొరక్క, తనకి దొరికిన తాళాన్ని పట్టుకుంది. ఆయన అడుగుల్ని లెక్కపెట్టి, ఇదిగో గుండె అని నాకు చెప్పింది. వాచీతో పాటు వచ్చిన కాగితం ఇంట్లో వెతికితే దొరికింది. చెయ్యి ఎక్కువగా కదిలే పనుల్లో గుండె వేగం సరిగా రాకపోవచ్చని, జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి దీన్ని వాడొద్దని చిన్న అక్షరాల్లో రాసే ఉంది. వాచీ తయారుచేసినవాళ్ళు దాచలేదు. చదవాల్సిన నేనే చదవలేదు.

ఇదంతా తెలిశాక కూడా ఎవరికీ చెప్పలేదు. వాచీ తీసి జేబులో వేసుకుని తిరిగాను. ఒకరోజు తాడు దగ్గర నడివయసు మనిషి ఒకాయన మొహం పాలిపోయి, దగ్గుతూ నా పక్కనుంచి పోయాడు. ధైర్యం చేసి ఆయన చేతి వెనక రెండు వేళ్ళతో కొట్టాను. తాడు వదిలి కూర్చోమన్నాను. ఆయన నవ్వాడు.

"చెయ్యి మీద కొట్టేది మామ పని. నువ్వు వాచీ పెట్టి చెప్పు అయివోరా, మామకి చెప్పినట్టు."

అందులో ఎగతాళి లేదు. అదే నన్ను కోసింది. ఆ ఒడ్డున మనిషి మొహం చూసి చెప్పే మాటకి విలువ పోయి, నా వాచీ చెప్పే అంకె మీద నమ్మకం మిగిలింది. ఆ నమ్మకం నేను పెట్టిందే. అప్పుడే చెప్పి ఉండొచ్చు, వినడానికి గుంపంతా అక్కడే ఉంది. వాచీ నా జేబులో ఉంది. ఛార్జింగ్ లేదని చెప్పాను. ఆయన తాడు పట్టుకుని పోయాడు. అదృష్టం బాగుండి ఆయనకేమీ కాలేదు. నేను మళ్ళీ అటు పోలేదు.

ఈ ఉదయం ఫోను ఆ పచ్చటి గుండె చూపించేదాకా అట్లాగే ఉన్నాను. బడి అయిపోగానే బండి తీశాను. కోట నుంచి దారంతా చెప్పాల్సింది కూడబలుక్కుంటూ పోయాను.

ఆయన భార్య దిబ్బ కింద అదే చోట నెత్తళ్ళు తిరగేస్తోంది. నన్ను చూసి బాగుండారా అంది. ఇంట్లో ఆయమ్మ బాగుండాదా అని కూడా అడిగింది. చేతులు ఆగలేదు. నేను ఎదురుగా ఇసకలో కూర్చుని మొత్తం చెప్పాను. వాచీ తప్పు చెప్పిందని. అది గుండె కాదు, అడుగులని. వీడియోలో లెక్కపెట్టి చూశానని. వాచీని నమ్మి నెల్లూరు వద్దని చెప్పింది నేనేనని. ఆవిడ వింటూ, చేపల్లోంచి ఒక గడ్డి పోచ ఏరి పారేసింది.

"వాచీ సంగతి నాకు తెలవదు అయివోరా," అంది. "అది నిన్నగాక మొన్నొచ్చింది. ఆ పొద్దు మీరు ఆయన పక్కనే నిలబడుకోనుండారు గదా. చూసేదానికి ఎట్టా ఉండాడు?"

దారంతా కూడబలుక్కున్న దాంట్లో ఈ ప్రశ్న లేదు. నేను వాచీ తప్పుని ఒప్పుకోవడానికి వచ్చాను.

"పెదాలు నల్లబడి ఉండాయి అక్కా," అన్నాను. "ఎడమ భుజం రుద్దుకుంటా ఉండాడు. నీళ్ళలో నిలబడుకోని కూడా చెమట కారిపోతుండాది."

"చూసినారా?"

"చూసినాను."

అప్పుడు ఆవిడ చేతులు ఆగాయి. ఎండిన చేపలు కొన్ని గుప్పిట్లోనే ఉండిపోయాయి.

"ఆ మాట చెప్పుంటే ఇనేవోడు," అంది. "పెదాలు నల్లబడినాయంటే ఆయనకి అర్థమయ్యేది. ఆయన బతికింది ఆ మాటతోనే గదా. మీరు అంకె చెప్పినారు."

ఆవిడ తిట్టలేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ ఏదో ఒక జవాబు వెతుక్కోవాలి, ఆ పని కూడా ఆవిడకి ఎందుకు పెట్టాలి. కాసేపటికి మళ్ళీ చేపలు తిరగెయ్యడం మొదలుపెట్టింది. పొద్దు వాలుతోంది, బయల్దేరమంది.

దిబ్బ ఎక్కడం మొదలుపెట్టాను. ఈ మధ్య నడక లేదు, ఒళ్ళు బరువెక్కింది. సగానికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. ఆయన కూర్చున్న చోటు అదే అయి ఉండాలి. ఆగిపోయాను. మణికట్టుకి వాచీ లేదు, అయినా చెయ్యి తిప్పి చూసుకున్నాను. వెనక నుంచి ఆవిడ గొంతు వినపడింది.

"అయివోరా, ఏంది, నిలబడిపోయినారు?"

సముద్రం చూస్తున్నానని నోటిదాకా వచ్చింది.

"ఆయాసంగా ఉండాది అక్కా," అన్నాను.

ఆవిడ నడుము నిటారు చేసుకుని, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, అంత దూరం నుంచి నా మొహం వైపు చూసింది.

"అయితే కూసోండి."

కూర్చున్నాను.